మూడో సర్వరు మీద కూర్చున్న మనిషి

చచ్చినవాడి కళ్ళు చారెడంటారు. పోయిన నెల మా ఆఫీసు వాట్సాప్ గ్రూపులో అవి చేటంతయ్యాయి. "గొప్ప సాంకేతిక నిపుణుణ్ణి కోల్పోయాం" అని ఒకరు, "ఆయన లేని లోటు తీరనిది" అని ఇంకొకరు, ఆ కింద వరసగా చేతులు జోడించిన బొమ్మలు. లోటు తీరదన్న ఆ మనిషే ఒకప్పుడు ఆయన వస్తున్నాడంటే తాగుతున్న టీ గ్లాసు వదిలేసి లేచిపోయేవాడు. పోయినవాళ్ళ గురించి చెడ్డగా మాట్లాడకూడదని మా అమ్మ చెప్పేది. మా అమ్మకి ఆయనతో పని పడలేదు.

పేరు రాయను. ఆపాటి మర్యాద చాలు. ఎదురుగా అందరం సారనే పిలిచేవాళ్ళం, వెనక మాత్రం ఎవరి పిలుపు వారిది. ఆయన కంప్యూటర్ల విభాగానికి హెడ్డు, నేను ఆయన కింద పనిచేసేవాణ్ణి. ఆయనకి పని రాదని అనను, కొంత వచ్చు. ఆ కొంతే మా ప్రాణాల మీదికి తెచ్చింది. బొత్తిగా రానివాడైతే ఎవరినైనా అడిగి ఉండేవాడు.

శ్రీకాకుళం నుంచి అరసవల్లి వెళ్ళే రోడ్డులో, లాడ్జీల మధ్య ఒక మేడ మీద ఉండేది మా ఆఫీసు. రోజూ సాయంత్రం ఒడ్డు పొడుగునా ఉన్న మత్స్యకారుల పేటలకి ఫోన్లు వెళ్ళేవి. రేపు సముద్రం ఎలా ఉంటుంది, గాలి ఎటు, వేటకి వెళ్ళొచ్చా, వద్దా, ఇంతే సమాచారం. మనుషులు కూర్చుని చేసే ఫోన్లు కావవి. ఒక గొంతుతో రికార్డు చేసి పెడితే కంప్యూటర్లే అన్ని నంబర్లకీ వినిపించేవి. ఆ గొంతు నూకరత్నానిది. కళింగపట్నం అవతల ఒక పేట పిల్ల, డిగ్రీ చదివింది. పుస్తకాల తెలుగులో చెబితే ఎవరూ వినరని, ఇంట్లో మాట్లాడినట్టే మాట్లాడేది. "మావల్లారా, అన్నల్లారా, రేపు సముద్రం బాగుంటాది, ఎల్లండి" అని ఆ పిల్ల అంటే పేటలో మగవాళ్ళు అప్పుడే వలలు సర్దుకునేవారు. ఆ పిల్ల వద్దంటే ఆడవాళ్ళు గుమ్మానికి అడ్డంగా కూర్చునేవారు. చదువుకుని సంపాదించుకున్న మాట విలువ అది. ఆ పిల్లకి అంతకన్నా ఆస్తి లేదు.

హుద్‌హుద్ తుపాను తరవాత బయటి దాతలెవరో కదిలి మాకు మూడు సర్వర్లు కొనిచ్చారు. సర్వరంటే బరువు పనులు మోసే కంప్యూటరు. మూడింటినీ ఒక జట్టుగా కట్టాలి. ఒకటి పని చేస్తుంటే మిగతా రెండూ దాన్ని కనిపెట్టుకుని ఉంటాయి. "ఉన్నావా?" "ఉన్నాను" అని వాటిలో అవి పలకరించుకుంటూనే ఉంటాయి. పని చేసేది పలక్కపోతే మిగతా రెండూ కూడబలుక్కుని, అది పడిపోయిందని తేల్చుకుని, ఒకటి పని అందుకుంటుంది. మూడెందుకంటే, తగువు తీర్చడానికి మూడోవాడు కావాలి గనక. రెండే ఉండి, మధ్యలో మాట తెగిపోతే, దేనికది రెండోదే చచ్చిందనుకుంటుంది.

అట్టపెట్టెలు దిగిన రోజున ఆయన రెండే విప్పించాడు. మూడోదాని టేపు కోయబోతుంటే నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఏటి సేస్తన్నావు? మంచి పనికి ముగ్గురు బయల్దేరతారా ఎవలైనా? మీ ఇంట్లో పెద్దోలు నేరేటి?"

"ఇవి మనుషులు కావు కదా సార్. మూడుంటేనే జట్టు నిలబడుతుంది."

"ఇద్దరుంటే కాపురం. ముగ్గురుంటే రచ్చ" అని ఆయనే నవ్వుకున్నాడు. తన హాస్యానికి తనే మొదట నవ్వి, మనం నవ్వేదాకా మన మొహంలోకి చూసేవాడు. జీతాలు తీసుకునేవాళ్ళం గనక నవ్వేవాళ్ళం.

విప్పని ఆ మూడో పెట్టె సర్వర్ల గదిలోనే, ఏసీ కింద గోడవార చేరింది. కొన్నాళ్ళకి దాని మీద ఒక తువ్వాలు పడింది. తరవాత ఒక దిండు వచ్చింది. ఆయన మధ్యాహ్నాలు అక్కడే గడిచేవి. ఊరంతా ఉక్కపోతకి ఉడికిపోతుంటే, సర్వర్లని దగ్గరుండి చూసుకోవాలని చెప్పి తలుపు వేసుకునేవాడు. అవసరం పడి తలుపు కొడితే చెంప మీద దిండు గీతలతో వచ్చి, "మెషిను సౌండు తేడాగా ఉంది, వింటన్నాను" అనేవాడు. వేసవి వస్తే ఏసీ గాలికి తాటిముంజెలు పెట్టుకుని చల్లబడ్డాక ఆ పెట్టె మీదే కూర్చుని తినేవాడు. ముంజెల నీళ్ళు కారి తీగల మీద పడుతున్నాయని ఒకసారి చెప్పాను. "సలవ సేస్తాది" అన్నాడు.

ఆ గది తాళంచెవి ఆయన మొలతాడుకి ఉండేది. ఇనప్పెట్టె తాళం దాచుకున్నట్టు, అది అక్కడ తప్ప ఇంకెక్కడా ఉండేది కాదు. రెండో చెవి చేయించమంటే నా వైపు అనుమానంగా చూశాడు. తలుపు తీయాలంటే చొక్కా పైకెత్తి, పొట్ట లోపలికి పీల్చి, మూలుగుతూ తీసేవాడు. గడప ముందు చెప్పులు వదిలి, తలుపుకి దండం పెట్టి కుడికాలు లోపల పెట్టేవాడు. ఇంత భక్తిపరుడు కదా, లోపల దుమ్మైనా తుడుస్తాడేమో అనుకుంటాం. తుడవడు. అది నా పని.

దాతల నుంచి ఫోను వస్తే మాత్రం కుర్చీలోంచి లేచి నిలబడి మాట్లాడేవాడు. అవతలివాళ్ళకి కనిపించదని తెలుసు. అయినా నిలబడేవాడు. ఫోను పెట్టేశాక ఆ నిలబడ్డ కసి మా మీద తీర్చుకునేవాడు.

ఇక వెర్షన్ల సంగతి. సర్వర్లని నడిపించే మూల సాఫ్ట్‌వేరు ఉంటుంది, దానికి కొత్త వెర్షన్లు వస్తుంటాయి. పాతదానికి కొన్నాళ్ళయ్యాక తయారుచేసినవాళ్ళే ఇక బాగుచేతలు ఇవ్వమంటారు. అప్పుడు ఏ దొంగైనా దూరడానికి కన్నాలు తెరిచినట్టే. మాది ఆ గడువుకి దగ్గర పడింది. నేను అడుగుతుండేవాణ్ణి, ఆయన దాటవేస్తుండేవాడు.

"కొత్తదానికి వయసెంత?" అని అడిగేవాడు, పెళ్ళిచూపుల్లో అడిగినట్టు.

"వచ్చి ఏణ్ణర్ధమైంది సార్."

"పాలపళ్ళు ఊడనీ."

మళ్ళీ కొన్నాళ్ళకి అడిగితే, "కాపురమున్న గదికి సున్నం వెయ్యకూడదు" అనేవాడు. అదొక సామెతలా చెప్పేవాడు గానీ నేను ఇంకెక్కడా వినలేదు. ఒకటొకటిగా చేద్దాం, ఒకదాన్ని జట్టులోంచి బయటికి తీసి, కొత్త వెర్షను ఎక్కించి, మళ్ళీ కలిపి, అప్పుడు రెండోదాన్ని పట్టుకుందాం, ఫోన్లు ఒక్కపూట కూడా ఆగవు అని ఎంతో నచ్చజెప్పాను. అందుకు ముందుగా ఆ మూడోదాన్ని పెట్టెలోంచి తీయాలనీ చెప్పాను. ఆయన పెట్టె మీద సర్దుకుని కూర్చుని, "సూద్దాం" అన్నాడు. ఆ మాటంటూ పైకప్పు వైపు చూశాడంటే ఆ పని అటకెక్కినట్టే.

ఇంకో ఘనకార్యం కూడా చేసి పెట్టాడు. రెండే సర్వర్లు ఉన్నప్పుడు ఒకటి పలక్కపోతే రెండోది కూడా ఆగిపోతుంది, తగువు తీర్చేవాడు లేకుండా ఒంటరిగా పెత్తనం చేయడం ప్రమాదమని. అది దాని మంచి బుద్ధి. అలా ఆగితే దాతల దగ్గర మాటొస్తుందని, ఎవరు పలికినా పలక్కపోయినా నీ పని నువ్వు చేసుకుపో అని రెండింటికీ విడివిడిగా నూరిపోశాడు. ఒకనాడు ఇది కొంప ముంచుతుందని చెప్పాను. "నీకు ధైర్యం సాల్దు" అన్నాడు.

చివరికి దాతలే గట్టిగా అడిగారు. వెర్షను మార్చకపోతే ఇక మా సాయం ఉండదన్నారు. ఆయన నిలబడి, "రేపే సార్, రేపే" అన్నాడు. తలుపు వెనక క్యాలెండరు తిప్పి ముహూర్తం తనే పెట్టుకున్నాడు. ఆ ముహూర్తానికి నేను అక్కడ ఉండకూడదని కాబోలు, యూపీఎస్ బ్యాటరీల బేరం మాట్లాడి రమ్మని నన్ను విజయనగరం తోలాడు. మూడోదాన్ని కలపకుండా ముట్టుకోవద్దని గుమ్మంలో నిలబడి మరోసారి చెప్పాను. "శుభమా అని సేస్తంటే నీ నోట్లోంచి మంచి మాట రాదేటి?" అని విసుక్కున్నాడు.

ఆ రోజు తిరుగు బస్సు ఎచ్చెర్ల దాటుతుండగా నూకరత్నం ఫోను చేసింది.

"అన్నా, మాయమ్మ ఫోన్ సేసినాది. ఒకపాలి ఎల్లమన్నావు, ఒకపాలి వద్దన్నావు, ఏటే గుంటా నీకు మతి గాని పోనాదా అంతన్నాది. నాను ఒక్కటే సెప్పినాను అన్నా. రేపు గాలి ఎక్కువ, తెప్పలు దింపొద్దనే సెప్పినాను."

"నిన్నటి రికార్డింగులో ఏముంది?"

"బాగుంటాది, ఎల్లండని. అదీ ఎల్తన్నాది, ఇదీ ఎల్తన్నాది. ఒకలికి ఇది ముందు, ఒకలికి అది ముందు."

జరిగిందేమిటో నాకు బస్సులోనే అర్థమైంది. ఆయన ఒకదానికి కొత్త వెర్షను ఎక్కించి తిరిగి కలిపాడు. కొత్తదాని పలకరింపు పాతదానికి తెలియలేదు, పాతదాని పలకరింపు కొత్తదానికి తెలియలేదు. రెండోది పోయిందని రెండూ అనుకున్నాయి. ఎవరున్నా లేకపోయినా పని చేసుకుపొమ్మని ఆయనే చెప్పాడు గదా, రెండూ బుద్ధిగా పనిలోకి దిగాయి. బయటికి తీసి ఉంచిన దాని దగ్గర ఉన్నది నిన్నటి మాట. రెండోదాని దగ్గర ఉన్నది ఇవాళ్టి మాట. రెండూ ఒకే గొంతు.

"గది తలుపు తీసి ఒకదాని తీగ పీకెయ్యమ్మా."

"తాళం సారు మొలతాడుకున్నాది."

"ఆయనేడీ?"

"ముహూర్తం ఎల్లిపోగానే రాజాం ఎల్లిపోనారు. ఆల తోడల్లుడి గృహప్రవేశమట. ఫోన్ సేసినాను. ఒకటికి రెండుసార్లు సెప్తన్నాది, మంచిదే గదా అని పెట్టీసినారు. మరి ఎత్తడం నేదు."

ఒకటికి రెండుసార్లు. ఇప్పటికీ ఆ మాట గుర్తొస్తే నా ఒళ్ళు మండుతుంది.

నేను ఆఫీసు చేరేసరికి నూకరత్నం మెట్ల మీద కూర్చుని తన సొంత ఫోనుతో పేట పేటకీ మాట్లాడుతోంది. "మావా, నానే, నూకరత్నాన్ని. రికార్డు కాదు, మనిసిని. రేపు ఎల్లొద్దు." అవతలివాళ్ళు నమ్మడం లేదు. ఇందాకా ఇదే గొంతు గదా ఎల్లమన్నాదని అడుగుతున్నారు. ఆ పిల్ల వాళ్ళ పిల్లల పేర్లు చెప్పి, కోడళ్ళ పుట్టిళ్ళ పేర్లు చెప్పి, తను మనిషినేనని రుజువు చేసుకుంటోంది. పక్క లాడ్జీ వాచ్‌మన్ దగ్గర గునపం అడిగి నేను తాళం పగలగొట్టాను, రెండిట్లో నిన్నటి మాట వినిపిస్తున్నది ఏదో చూసి తీగ పీకేశాను. అప్పటికే ఫోన్లన్నీ వెళ్ళిపోయాయి.

మర్నాడు తెల్లారకుండానే గాలి రేగింది. చాలా పేటలు ఆగాయి. నూకరత్నం సొంత చిన్నాన్న ఆగలేదు. ఆయనకి మొదట వద్దన్న ఫోను, తరవాత వెళ్ళమన్న ఫోను వచ్చాయి. ముందు పొరపాటు చెప్పి తరవాత దిద్దుకుందనుకున్నాడు. ఎవరైనా అలాగే అనుకుంటారు. ఆయన ఫోనుకి ఛార్జింగు అయిపోయి, ఈ పిల్ల తరవాత ఎన్నిసార్లు చేసినా కలవలేదు. కెరటాల్లో తెప్ప తిరగబడింది. కూడా వెళ్ళిన ఇద్దరూ ఈది ఒడ్డున పడ్డారు. చిన్నాన్న విడిపోయిన దుంగ పట్టుకుని ఎంతో సేపటికి కొట్టుకొచ్చాడు. దుంగల మధ్య పడి మోకాలు నుగ్గయింది. ప్రాణం దక్కింది గానీ మళ్ళీ సముద్రం మీదికి వెళ్ళలేదు.

మా సారు ఆ మధ్యాహ్నం రాజాం నుంచి లడ్డూల పొట్లంతో దిగాడు. మెట్లెక్కి సర్వర్ల గది ముందు ఆగాడు.

"ఈ తాళం ఎవలు బద్దలుకొట్టినారు?"

మొదటి ప్రశ్న అది. నేను జరిగిందంతా చెప్పాను, నూకరత్నం చిన్నాన్న ఆసుపత్రిలో ఉన్నాడని కూడా చెప్పాను. పెట్టె మీద కూర్చుని, లడ్డూ చిదిపి నోట్లో వేసుకుంటూ అంతా విన్నాడు. "అయ్యో పాపం" అన్నాడు. లడ్డూ అయిపోయాక, ఆఫీసు ఆస్తి ధ్వంసం చేసినందుకు నాకు మెమో టైపు చేయించాడు. ఆ మెమో నాకే ఇచ్చి, రెండో కాపీ మీద సంతకం పెట్టమన్నాడు.

పేట పెద్దలు మమ్మల్ని రమ్మన్నారు. జీపులో వెళ్ళాం. వలలు అల్లుకునే పాకలో చాపలు పరిచారు. చిన్నాన్నని నులకమంచం మీద మోసుకొచ్చి పక్కన పెట్టారు. నూకరత్నం తన తల్లి పక్కన నిలబడింది. మాకు కొబ్బరిబోండాలు కొట్టి ఇచ్చారు. మనిషిని చంపబోయిన వాళ్ళకి కూడా ముందు దాహం తీర్చి తరవాత అడుగుతారు వాళ్ళు. సారు రెండు బోండాలు తాగాడు.

పేట పెద్ద నెమ్మదిగా అడిగాడు. "బాబూ, మాకు యంత్రాలు తెలవవు. ఒక్కటి సెప్పండి. మా గుంట అబద్ధమాడినాదా, ఆడనేదా?"

"అలాగడిగితే ఎలాగండీ. టెక్నికల్ ప్రాబ్లం అన్నమాట" అన్నాడు సారు.

"ఆ టెక్నికల్ ఎవలి పిల్లడు బాబూ? పిలండి, ఆడినే అడుగుతాం."

పాకలో నవ్వు లేచింది. ఆయన మెడ తుడుచుకున్నాడు. నవ్వితే ఓర్చుకోలేని మనిషి. అంతవరకూ ఆ పిల్ల మీదికి నెట్టాలనుకున్నాడో లేదో నాకు తెలియదు గానీ, ఆ నవ్వుతో నెట్టేశాడు.

"పాత ఫైలు తియ్యకుండా ఒగ్గీసింది ఈ అమ్మాయేనండి. అది అక్కడ నేకపోతే మెషిను ఏటి సదువుతాది?"

అందరూ నూకరత్నం వైపు తిరిగారు. ఆ పిల్ల నోరు తెరిచింది, మాట రాలేదు. రోజూ ఊళ్ళన్నింటికీ మాట చెప్పే పిల్ల. నేను లేచాను. ఫైళ్ళు తీయడం ఆ పిల్ల పని కాదని, మూడుండాల్సిన చోట రెండే పెట్టింది ఈయనని, మూడోదాని మీద కూర్చుని ముంజెలు తింటాడని, అందరి ముందూ చెప్పాను. సారు తొణకలేదు. "ఇతని మీద మెమో ఉందండి. తాళం బద్దలుకొట్టిన మనిషి మాట ఏటి ఇంటారు?" అన్నాడు.

పెద్ద నా వైపు చూశాడు. "కొట్టినావా?"

"కొట్టాను. మెషిను ఆపడానికి."

ఆయన ఏదో అనబోతుండగా మంచం మీంచి చిన్నాన్న గొంతు వినిపించింది. కోపం కూడా లేదు ఆ గొంతులో.

"ఆలిద్దరి తగువు ఆలు సూసుకుంతారు. నాను దాని గొంతు ఇని ఎల్లినాను. ఇంక ఇన్ను."

అంతే. నూకరత్నం పాకలోంచి బయటికి వెళ్ళిపోయింది. మేం బయల్దేరుతుంటే మర్యాద తప్పకూడదని ఒక బోండాల గెల జీపులో పెట్టారు. వద్దనాల్సిన మనిషి, దారిలో గుంతలు వచ్చినప్పుడల్లా అవి పగలకుండా కాలు అడ్డం పెట్టుకున్నాడు.

ఆ తరవాత మా ఫోను వస్తే పేటల్లో కట్ చేసేసేవారు. సముద్రం బాగుందంటే అనుమానించేవారు, బాగోలేదంటే ఎగతాళి చేసేవారు. నూకరత్నం తల్లి శ్రీకాకుళం బజారులో చేపల గంప దించితే తోటి ఆడవాళ్ళే, "మీ గుంట ఎండన్నాదంటే గొడుగెట్టుకెల్లాల" అని దెప్పేవారట. మానేస్తానంటుందేమో అనుకున్నాను. మానలేదు. నా దగ్గరికి వచ్చి, "నాను సూడకుండా నా గొంతు బయటికెల్లకూడదన్నా. అలగయితేనే ఉంటాను" అంది. సరేనన్నాను. ఆ సంగతి సారుకి చెబితే, "గొంతుకి కూడా పొగరేటి?" అన్నాడు.

గండం గడిచిందని ఆయన తిరుపతి వెళ్ళాడు, గుండు మొక్కు తీర్చుకోడానికి. ఎవరికి గడిచిందో నాకు తెలియదు. గదికి కొత్త తాళం ఇంకా రాలేదు గనక, ఆయన లేని రోజుల్లో నేను పెట్టె విప్పాను. పైన అట్ట ఆయన కూర్చున్న మేరకి కుంగిపోయింది, లోపల సర్వరు చెక్కుచెదరలేదు. ముందు దానికి కొత్త వెర్షను ఎక్కించాను, తరవాత ఇంకా పాత వెర్షనుతోనే ఉన్నదానికి. మూడింటినీ కలిపి కట్టాను. ఒక తీగ పీకి చూస్తే మిగతా రెండూ మాట్లాడుకుని పని అందుకున్నాయి. పీకినది నోరు మూసుకుని కూర్చుంది. ఆ పని ఏ ముహూర్తమూ లేకుండా భోజనాల వేళకి అయిపోయింది.

సారు గుండుతో వచ్చి గది తలుపు తీశాడు. "నా పెట్టె ఏదీ?" అన్నాడు. చాలాసేపు ఆ ఖాళీ గోడవార చూశాడు. తరవాత మూడు సర్వర్లూ చూసి, నేను తిట్లకి సిద్ధపడుతుంటే, కిందికి వెళ్ళి రోడ్డు పక్కనుంచి ఒక గులకరాయి తెచ్చాడు. కడిగి, పసుపు రాసి, సర్వర్ల మీద పెట్టాడు.

"నాలుగోది. ఇంక దోషం నేదు."

ముగ్గురు కలిసి వెళ్ళక తప్పనప్పుడు చేతిలో ఒక రాయి పట్టుకెళ్తే నలుగురి లెక్క అవుతుందని మా వైపు ముసలమ్మలందరికీ తెలుసు. మా నాయనమ్మ కూడా చేసేది. ఆయనకీ తెలుసు. మొదటి రోజునే తెలుసు. రోడ్డు మీద రాయికి కరువు లేదు. ఆ పని అప్పుడే చేసి ఉంటే మూడోది జట్టులో ఉండేది, మోకాలు మోకాలిలా ఉండేది. చేయలేదు, ఎందుకంటే ఏసీ కింద కూర్చోడానికి ఆ ఎత్తు ఆయనకి సరిగ్గా సరిపోయింది. అప్పటిదాకా ఆయన్ని మూఢుడు అనుకునేవాణ్ణి, మూఢత్వానికి ఒక నిజాయితీ ఉంటుంది. ఈయనకి అదీ లేదని ఆ రాయి చూశాక అసహ్యం వేసింది.

నూకరత్నం కూడా ఆ రాయి చూసింది. చేత్తో తీసి, బరువు చూసినట్టు చూసి, మళ్ళీ పెట్టేసింది. "ఇంతేనేటన్నా?" అంది.

ఆ ఏడు వాతావరణం పాడైనప్పుడల్లా ఆ పిల్ల రికార్డు చేసి ఊరుకోలేదు. బస్సెక్కి పేటకి వెళ్ళి, తెప్పల ముందు నిలబడి, అదే మాట నోటితో చెప్పేది. మొదట్లో మొహం తిప్పుకునేవారు. చిన్నాన్నే ఒకనాడు కర్ర ఊతంతో ఒడ్డుకొచ్చి, "అది సెప్పినట్టు ఇనండ్రా" అన్నాడట. తరవాత ఒక్కో ఇంటా మళ్ళీ ఫోను ఎత్తడం మొదలుపెట్టారు. సారు మాత్రం ఈ సంగతంతా ఏదో కాలేజీలో ఫోన్లు ఆగకుండా వెర్షన్లు మార్చడమెలా అని ఉపన్యాసంగా చెప్పి శాలువా కప్పించుకున్నాడు. ఆ శాలువా ఫొటో చూపించుకుని విజయనగరంలో పెద్ద ఉద్యోగానికి వెళ్ళిపోయాడు. పోతూ పోతూ మొలతాడు తాళంచెవి నా చేతిలో పెట్టి, "జాగ్రత్తగా సూసుకో, నాను పెంచిన సిస్టమ్" అన్నాడు.

ఇప్పుడు పోయాడు. గ్రూపులో చేతులు జోడించడంతో సరిపెట్టుకుని ఉంటే నేను ఇదంతా రాసేవాణ్ణి కాదు. మా కొత్త మేనేజరుకి ఒక ఆలోచన వచ్చింది. సంస్థకి సేవ చేసిన పెద్దాయన గనక, సాయంత్రం వెళ్ళే ఫోన్లలో ఒక సంతాప సందేశం పెడదామన్నాడు. నూకరత్నం గొంతుతోనే ఉండాలట. మాటలు నన్ను రాసిమ్మన్నాడు.

నేను రాశాను. నూకరత్నం మైకు ముందు కూర్చుని చదువుకుంది.

"మత్స్యకారుల మేలు కోరిన మనిషని రాసినావు. కోరినారా అన్నా?"

"లేదు."

"గొప్ప నిపుణులని రాసినావు."

"కొట్టెయ్."

"అందరితోటీ కలుపుగోలుగా ఉండేవారట." ఆ పిల్ల నా వైపు చూసింది. నేనే పెన్ను తీసుకుని కొట్టేశాను. భోజనప్రియుడని ఒకటి నిజం ఉంది గానీ, సంతాపంలో చదివేది కాదు. ఇద్దరం ఆలోచించాం. నిజంగానే ఆలోచించాం, వెటకారానికి కాదు. చచ్చిన మనిషి గదా, ఒక్క మంచి మాటైనా దొరక్కపోతుందా అని.

"పోయినోల మీద నాకేటీ కోపం నేదన్నా" అంది నూకరత్నం. "ఒక్కటి నిజమయింది సెప్పు, సదివేస్తాను. కానీది నా గొంతులోంచి బయటికెల్లదు. ఇది ఇనే కదా ఆలు సముద్రం మీదికి ఎల్తారు."

చివరికి కాగితం మీద మిగిలింది ఒక్క వాక్యమే. ఆ పిల్ల మైకు దగ్గరికి జరిగి, రోజూ చెప్పే గొంతుతోనే చదివింది.

"మావల్లారా, అన్నల్లారా, మన ఆఫీసులో కంపూటర్లు సూసిన సారు నిన్న పొద్దున్న పోయినారు."

రెండో వాక్యం కోసం కాసేపు ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. తరవాత అలాగే పంపేశాం.